రెండు కాపీలూ ఒకే పీట మీద

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. మా ఆయన అరుణ్ ఏ తప్పూ చేయలేదని చూపించే వీడియో ఒకే ఒక్క నిమిషం ఉంది. నా చేతి పొరపాటుతో ఆ నిమిషం చెరిగిపోతుందేమోనని నా భయం.

ఇవాళ పొద్దున నేను జగిత్యాలలో, మా ఆడబిడ్డ లీల వదినె ఇంట్లో, తెరిచిన బీరువా ముందు నిలబడి ఉన్నాను. చీరల మడతల కింద ఉండాల్సిన హార్డ్‌డిస్కు లేదు. దానికి చుట్టిన పాత తువ్వాల మాత్రం ఉంది.

"పండుగకని అవ్వనే తెప్పిచ్చుకున్నది గద, నీకు చెప్పలేదా?" అంది వదినె, మా అత్తమ్మ గురించి.

నేను మా పాప ప్రీతిని చంకనేసుకుని రోడ్డు మీదికి వచ్చేశాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. నా పేరు సరిత. కోరుట్లలో మాది చిన్న ఫోటో స్టూడియో. ముందు గది స్టూడియో, వెనక గదులు ఇల్లు. అరుణ్ పెళ్ళిళ్ళకు వీడియో తీస్తాడు. శ్రావణ మాసంలో జగిత్యాల బంద్ రోజు, మధ్యాహ్నం ఒంటి గంటకు, ఎవరో ఒక బస్సుకు నిప్పు పెట్టారు. ఆ రోజు తెల్లవారుజాము నుంచి అరుణ్ సిరిసిల్లలో ఉన్నాడు. మరమగ్గాల దేవయ్య గారి కూతురు రచన పెళ్ళి. కానీ తెలంగాణ దీక్షా శిబిరంలో రోజూ కెమెరా పట్టుకుని తిరిగే మనిషి కదా, జగిత్యాల కేసులో అతని పేరు కూడా రాశారు. సకల జనుల సమ్మె మొదలైన వారమే పట్టుకుపోయారు. ఇప్పుడు కరీంనగర్ జైలులో ఉన్నాడు. సోమవారం బెయిలు మీద వాదన.

పెళ్ళిలో ఉన్న మనిషికి సాక్ష్యం ఎందుకు కరువైందని మీకు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మా వకీలు లక్ష్మీరాజం గారు ఆ పెళ్ళి డీవీడీ మొత్తం చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏడమ్మా మీ ఆయన? మూడు గంటలు సూసిన. ఒక్కకాడ గూడ లేడు. కెమెరా ఇంకొకని చేతికిచ్చి తను జగిత్యాలకు పోయిండంటరు వాళ్ళు. పెండ్లోళ్ళ నోటి మాట నమ్మరు. నేనేం చెప్పాలె?"

వీడియో తీసే మనిషి వీడియోలో కనబడడు. మాట కూడా వినబడదు, ఎడిటింగ్‌లో అసలు చప్పుడు తీసేసి పాటలు పెడతారు. అయితే ఆ రోజు భోజనాల దగ్గర దేవయ్య గారు కెమెరా లాక్కున్నారని అప్పుడే అరుణ్ చెప్పాడు. "అందరి బొమ్మలు తీస్తవు, నీ బొమ్మ ఒక్కటన్న ఉండద్దా?" అని విస్తరి ముందు కూర్చున్న అరుణ్‌ను ఒక నిమిషం తీశారట. వెనక గోడకు గడియారం, అందులో పన్నెండూ యాభై. పెళ్ళివాళ్ళ డీవీడీలో కెమెరా మనిషి ఎందుకని అరుణే ఆ ముక్క కోసేశాడు. అసలు వీడియోలో మాత్రం ఉంది. మొన్న జైలులో ములాఖత్‌కు పోతే జాలీ అవతల నుంచి అతను చెప్పింది ఒక్కటే మాట. "లీలక్క ఇంట్ల ఉన్న హార్డ్‌డిస్కు వకీల్ సాబ్ చేతికియ్యి." అంతలోనే టైం అయిపోయిందన్నారు.

జైలు నుంచి తిరిగి వద్దామంటే బస్సులు లేవు. పండుగ రెండు రోజులూ వెల్గటూర్‌లో మా పుట్టింట్లో ఇరుక్కుపోయాను. దసరా తెల్లారి, ఇవాళ శుక్రవారం, జీపు దొరికితే జగిత్యాలకు వచ్చి, ఆ ఖాళీ తువ్వాల చూసి, ఇంకో జీపులో కోరుట్లకు బయలుదేరాను. ప్రీతికి మూడేళ్ళు. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. దారి పొడుగునా ఒక చెయ్యి దాని నుదుటి మీద, ఒక చెయ్యి జీపు కడ్డీ మీద.

మా ఇంటి ముందు గుమ్మానికి బంతిపూల దండ వాడిపోయి ఉంది. అత్తమ్మ ఐలవ్వ అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది.

"అచ్చినవా బిడ్డా. పిల్ల మొకం గట్ల వాడిందేంది? ఇటియ్యి, నాలుగు మెతుకులు తినవెడ్త. నా కొడుకు ఎట్లున్నడు? తిన్నడా?"

"ఉన్నడు. అత్తమ్మా, హార్డ్‌డిస్కు ఏది?"

"ఏది?"

"గా నల్ల డబ్బ. లీల వదినె బీరువాలది."

"ఓ అదా. పీట మీద ఉన్నది సూడు. ఇంకా తియ్యలే."

స్టూడియో గది తలుపు తోశాను. లోపల అగరొత్తుల వాసన ఇంకా పోలేదు. గోడవారగా పెద్ద పీట. దాని మీద కెమెరా, లైట్లు, స్టాండు, కత్తెర, ఆల్బం జిగురు డబ్బా, కంప్యూటర్ సీపీయూ. అన్నిటికీ పసుపు, కుంకుమ బొట్లు. కీబోర్డు మీద జమ్మి ఆకులు. సీపీయూ పక్కనే హార్డ్‌డిస్కు, మూడు వేళ్ళ పసుపు గీతలతో. దాని వైరు సీపీయూ వెనక్కి పోయి ఉంది. ఎవరో పెట్టారు. తీయలేదు.

మానిటర్ పైన గోడకు అరుణ్ ఒక అట్టముక్క కొట్టాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. బయటి పెన్‌డ్రైవ్ పెట్టొద్దు. పెడితే ముందు స్కాన్ చెయ్యాలె. రెండు కాపీలు ఒక్క ఇంట్ల ఉండొద్దు. ఆ అట్ట కనబడలేదు. దాని మేకుకే పూలదండ తగిలించారు.

"దీన్ని ఎవరు తెచ్చిండ్రు?" అన్నాను.

"నేనే చెల్లె," అంటూ లోపలి గది నుంచి దేవదాస్ అన్నయ్య వచ్చాడు. లీల వదినె భర్త. ఒక ఆఫీసులో అటెండరు, సమ్మెలో ఉన్నాడు. బువ్వ తిన్న చెయ్యి తువ్వాలకు తుడుచుకుంటున్నాడు. "మేం చర్చికి పోయేటోళ్ళం, మొక్కం గద పసుపు కుంకుమలకు. నేనైతే వద్దనే అన్న. అత్త నాలుగుసార్లు ఫోన్ చేసింది. కాదంటె బాధపడ్తదని పట్టుకచ్చిన."

"వద్దంటె ఎట్లయితది?" అత్తమ్మ ప్రీతిని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. "పని ముట్లన్ని పీట మీద ఉండాలె. ఒకటాడ, ఒకటీడ ఉంటె అది పూజెట్లయితది? మీ మామ ఉన్నప్పుడు ఎవలకన్న పార ఇచ్చినా, గొడ్డలి ఇచ్చినా పండుగ నాడు ఇంటికి తెచ్చుకునేటోడు. తెల్లారి మల్ల ఇచ్చేది."

"ఇది పార కాదత్తమ్మా. ఇది ఇంకో ఇంట్ల ఉంటెనే దానికి పని. ఈడ ఏమన్న అయితె ఆడ ఉండాలని పెట్టిండు."

"ఏమైతది ఈడ? ఇల్లు కాలిందా?"

నేను దేవదాస్ అన్నయ్య వైపు తిరిగాను. "వైరు ఎందుకు పెట్టినవన్నా?"

అతను మెడ గోక్కున్నాడు. "ఆడోళ్ళు బతుకమ్మకు అస్తరు, మన తెలంగాణ పాటలు పెడ్దామని. శిబిరంల పెన్‌డ్రైవ్ ఒకటున్నది, దాన్ల ఉన్నయి. పాటలు మంచిగున్నయి, అరుణ్‌కు గూడ ఉంటయని ఈ డబ్బల గూడ ఎక్కిస్తున్న. సగంల కరెంటు పోయింది."

"పెన్‌డ్రైవ్ ఎవలది?"

"ఎవలదేంది, అందరిది. ఎవ్వలకు పాటలు కావాల్నంటె వాళ్ళింటికి పోతది. మల్ల శిబిరానికస్తది."

"దాన్ని స్కాన్ చేసినవా?"

"స్కాన్ అంటె?"

అత్తమ్మ ఊరుకోలేదు. "ఆయన పాటల సప్పుడుకు ఆడోళ్ళు లోపలికే రాలే. బయటనే ఆడి పోయిండ్రు. పిండివంటలన్ని ఈయన ఒక్కడే తిన్నడు."

ఎవరూ నవ్వలేదు.

బొగ్గు గనుల్లో కూడా సమ్మె కాబట్టి మాకు పగలు కరెంటు రెండింటికి వచ్చి నాలుగింటికి పోతోంది. గడియారం చూస్తే ఒకటిన్నర. ఆ అరగంట నేను ఏం చేశానో కూడా గుర్తులేదు. వైరు రంధ్రంలో ఇరుక్కున్న కుంకుమను అగ్గిపుల్లతో గీకినట్టు గుర్తు. ప్రీతి ఒళ్ళు పదిసార్లు పట్టి చూసినట్టు గుర్తు.

కరెంటు వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేశాను. కింద మూలకు చిన్న ఎర్ర గుర్తు వచ్చింది, రోజూ వచ్చినట్టే. నేను దాని కొసన నొక్కి మూసేయబోయాను.

"ఆగు చెల్లె," అన్నాడు దేవదాస్ అన్నయ్య. "ఆ ఎర్రది ఏంది? మొన్న గూడ వచ్చింది."

"ఎప్పుడూ వస్తది."

"ఎప్పటి సంది?"

అరుణ్ జైలుకు పోయిన వారం నుంచి వస్తోంది. నెట్టు కనెక్షన్ ఆగిపోయిన తర్వాత. దాని మీద ఏదో ఇంగ్లీషులో ఉంటుంది. నేను తొమ్మిదో తరగతి మధ్యలోనే బడి మానేశాను. అక్షరాలు కూడబలుక్కుంటే చదవగలను, కానీ ప్రతిదీ ఎవరు కూడబలుక్కుంటారు? మూస్తే పోయేది, పోతే చాలనుకున్నాను. ఇవాళ మొదటిసారి కూర్చుని చదివాను. యాంటీవైరస్ గడువు తీరిపోయింది అని ఉంది. వాకిలికి గొళ్ళెం ఊడిందని రోజూ ఒకరు వచ్చి చెబుతుంటే, నేను రోజూ వాళ్ళ మొహం మీద తలుపు వేస్తూ వచ్చాను.

పెళ్ళిళ్ళన్నీ డీ డ్రైవ్‌లో ఉంటాయి. తెరిచాను. ఊరి పేర్లతో, మనిషి పేర్లతో ఫోల్డర్లు వరసగా ఉన్నాయి. గుండె కాస్త కుదుటపడింది. మళ్ళీ చూశాను. ప్రతి ఫోల్డర్ మూలకు ఒక చిన్న వంకర బాణం ఉంది. అది ఇదివరకు లేదు. 'రచన సిరిసిల్ల' అన్నదాని మీద రెండుసార్లు నొక్కాను. నల్లటి కిటికీ ఒకటి రెప్పపాటులో వచ్చి పోయింది. ఏమీ తెరుచుకోలేదు.

"ఇంకోపారి కొట్టు," అన్నాడు అన్నయ్య.

కొట్టాను. మళ్ళీ అదే. ఇంకో ఊరి పెళ్ళి మీద కొట్టాను. అదే.

"సరె, గా డబ్బల సూద్దాం," అన్నాడు. హార్డ్‌డిస్కు గుర్తు మీద నొక్కాను. తెర మధ్యలో ఒక చీటీలాంటిది వచ్చింది. అక్షరం అక్షరం చదివాను. ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా, అని అడుగుతోంది. కింద రెండు గుండీలు.

"ఫార్మాట్ అంటె సాఫ్ చేసుడే," అన్నాడు అన్నయ్య. "మా ఆఫీసుల గిట్లనే చేస్తరు. వైరస్ పోతది. కొట్టు."

"సాఫ్ అయితె మంచిదే గద బిడ్డా," అంది అత్తమ్మ.

సాఫ్ అంటే ఏది సాఫ్? మురికా, గిన్నెలో ఉన్న అన్నమా? నా వేలు మౌస్ మీద ఉంది. బాణం ఆ రెండు గుండీల మధ్య ఆగింది. అప్పుడే ప్రీతి అత్తమ్మ చంక దిగి వచ్చి నా ఒళ్ళోకి ఎక్కింది.

"నేన్ కొడ్త అమ్మా," అంటూ నా చేతి మీద తన చెయ్యి వేసి నొక్కబోయింది.

నేను మౌస్‌ను బల్ల మీద నుంచి పైకెత్తేశాను. పిల్ల బెదిరి ఏడుపు లంకించుకుంది. దాన్ని గుండెకు అదుముకున్నాను, కానీ కళ్ళు తెర మీద నుంచి తిప్పలేదు. చీటీ అలాగే ఉంది. ఏమీ కాలేదు.

"నేను దేని మీద కొట్టను," అన్నాను. "ఎవలనన్న అడిగినంకనే."

ఎవరిని? కోరుట్లలో కంప్యూటర్ తెలిసినవాళ్ళంతా రాస్తారోకోలో ఉన్నారు. ఫోన్‌లో పేర్లు తిప్పుతుంటే రచన పేరు కనబడింది. ఆ పెళ్ళికూతురే. సిరిసిల్లలో కంప్యూటర్ కోర్సు చేసి వాళ్ళ బాపుకు చీర అంచుల డిజైన్లు గీసి ఇస్తుంది. ఆల్బంలో ఫోటోలు మార్చమని రెండు మూడుసార్లు మాట్లాడింది. బతుకమ్మకు పుట్టింటికి వచ్చి ఉంటుందనుకున్నాను. ఫోన్ కలిసింది. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను. జరిగింది చెప్పాను.

"వదినా, ఫార్మాట్ మీద కొట్టలేదు గద?"

"కొట్టలే."

"మంచి పని చేసినవ్. క్యాన్సిల్ కొట్టు. ఆ డిస్కు వైరు మెల్లగ తియ్యి. ఇగ దాన్ని దేనికీ పెట్టకు. అది రాస్తుంటె కరెంటు పోయింది గద, లోపలి లెక్క చెదిరి ఉంటది. తెలిసినోళ్ళయితె తీస్తరు. హైదరాబాద్ల చేస్తరు."

"సోమవారం దాక అయితదా?"

"బస్సులే లెవ్వు గద వదినా. సరె, ముందు కంప్యూటర్ సూద్దాం. మై కంప్యూటర్ తెరువు. డీ డ్రైవ్ కింద పొడుగు పట్టీ ఉంటది. అది నీలంగున్నదా, ఎర్రగున్నదా?"

"ఎర్రగున్నది. కొస దాక నిండింది."

"ఎర్రగుంటె మంచిది. పోతె పట్టీ ఖాళీగ ఉండేది. అన్ని లోపలనే ఉన్నయి వదినా. వైరస్ వాటిని దాసిపెట్టి, పైన దొంగ ఫోల్డర్లు పెట్టింది. నువ్వు కొట్టినవి గవే. ఇగ కొట్టకు."

నేను మూడుసార్లు కొట్టానని చెప్పలేదు. దేవదాస్ అన్నయ్య పైకప్పు చూస్తున్నాడు.

తర్వాత రచన ఒక నల్ల కిటికీ తెరిపించి, ఒక్కొక్క అక్షరం చెబుతూ ఒక లైను రాయించింది. "ఏ. రెండు టీలు. ఆర్. ఐ. బీ. ఇప్పుడు జర జాగ ఇడువు." నేను ఒక్కో అక్షరం నొక్కి పైకి చదివాను. బడిలో కూడా అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు. ఆఖరున ఎంటర్ కొట్టమంది. నల్ల కిటికీ కాసేపు ఊరికే చూసింది. అత్తమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుస్తోందో. తర్వాత డీ డ్రైవ్ తెరిస్తే దొంగ ఫోల్డర్ల పక్కన అసలువి కూడా వచ్చి కూర్చున్నాయి. బాణం లేనివి. ఎల్లారెడ్డిపేట పెళ్ళి, మెట్‌పల్లి పెళ్ళి, అన్నీ.

"అచ్చినయి," అన్నాను. ఏడుపొచ్చింది.

"సూసినవా," అంది అత్తమ్మ. "పూజ ఊకెనే పోతదా?"

'రచన సిరిసిల్ల' తెరిచాను. లోపల మూడు ఫోల్డర్లు. ఒకటి ఆల్బం. ఒకటి డీవీడీ. ఒకటి అసలు వీడియో. మూడోది తెరిచాను. తెల్లగా ఉంది. మధ్యలో ఒకే ఇంగ్లీషు లైను. అందులో ఎంప్టీ అన్న మాట నాకు తెలుసు.

అప్పుడు అర్థమైంది. శ్రావణం నిండా అరుణ్ విసుక్కుంటూనే ఉన్నాడు, కంప్యూటర్‌లో జాగా లేదు, కొత్త పెళ్ళిళ్ళు ఎక్కడ వెయ్యాలని. డీవీడీ అయిపోయిన పెళ్ళి అసలు వీడియోను డిస్కులోకి మార్చి ఇక్కడ తీసేశాడు. అట్ట మీద రాసిన మాటను తనే తప్పాడు. అందుకే ములాఖత్‌లో కంప్యూటర్ ఊసెత్తలేదు. ఉన్నది ఆ డిస్కులోనే, ఒకే ఒక్క కాపీ.

"ఏమైంది చెల్లె?" అన్నాడు అన్నయ్య.

నేను అతనికి కాదు, అత్తమ్మకు చెప్పాను. అనకూడని మాటే అన్నాను. "వీడియో ఆ డబ్బల తప్ప ఏడ లేదు. బీరువాల ఉంటె సోమవారం నీ కొడుకు ఇంటికొచ్చేటోడు. పీట మీద పెట్టి ఆడనే ఉంచినవ్."

అత్తమ్మ మొహం చూడాల్సింది. తిరిగి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పీట దగ్గరికి పోయి కింద కూర్చుంది. కొంగుతో డిస్కు మీది పసుపు తుడవబోయి, ముట్టుకోవాలో వద్దో తెలియక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకేం ఎరుక బిడ్డా," అంది. "ఇంట్ల వాడు లేడు. వాని కెమెర ఉన్నది, వాని లైట్లున్నయి. ఒక్కటి లేకపోతె మనసు పట్టలే. అన్ని ఒక్కకాడ పెడ్తె వాడు గూడ అచ్చి కూసున్నట్టు అనిపిచ్చింది. గంతే."

"పెన్‌డ్రైవ్ పెట్టింది నేను గదత్తా," అన్నాడు దేవదాస్ అన్నయ్య మెల్లగా.

"ఎర్ర గుర్తు మూసింది నేను," అన్నాను.

ప్రీతి అత్తమ్మ ఒళ్ళోకి పోయి జమ్మి ఆకు ఒకటి ఆమె చేతిలో పెట్టింది. పండుగ నాడు ఎవరో నేర్పి ఉంటారు.

"వదినా." బల్ల మీద నుంచి రచన గొంతు. ఫోన్ పెట్టేయలేదని మేం మరిచిపోయాం. "నేనంతా విన్న. ఒక మాట చెప్త, మల్ల ఆశపెట్టుకోకు. ఉన్నదో లేదో సూడాలె."

"ఏంది?"

"ఆ రోజు అప్పగింతలకు ముందు అరుణన్న కెమెర కార్డు నిండిపోయింది. ఇంకోటి తేలేదన్నడు. మా కంప్యూటర్ల కార్డు ఖాళీ చేసుకున్నడు. మల్ల అచ్చి తీసుకపోత అన్నడు గని రాలే. పొద్దటి సంది భోజనాల దాక తీసిందంత దాన్ల ఉంటది. నేను తీసెయ్యలే. బాపు ఏమన్న తీసేసిండో సూడాలె."

నేను ఫోన్‌ను దగ్గరికి లాక్కున్నాను. "ఇప్పుడు సూడు రచనా."

"కరెంటు మాకు మూడింటికి అస్తది. రాంగనే సూస్త. నేను దాన్ని ఎవ్వల్ని ముట్టనియ్య. పెన్‌డ్రైవ్ గూడ పెట్టనియ్య." ఆగింది. "గని వదినా, నిన్న మీరు పంపిన మనిషికి గూడ నేనిదే చెప్పిన. కరెంటు లేదు, రేపు రమ్మని."

"ఏ మనిషి?"

"అరుణన్న దోస్తునన్నడు. కోరుట్ల సరిత వదినె తోలింది, పెండ్లి అసలు వీడియో కావాలె అన్నడు. పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నడు."

"నేనెవ్వల్నీ తోలలేదు."

రచన చిన్న గొంతుతో అంది. "ఇయ్యాల మల్ల అస్తనన్నడు వదినా. బాపు, అవ్వ గంభీరావుపేట పోయిండ్రు. ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న."

"తలుపు పెట్టుకో. పక్కింటోళ్ళను పిలువు."

"పెట్టుకుంట. ఒక్క నిమిషం, ఎవలో గేటు తీస్తున్నరు."

చెప్పుల చప్పుడు వినబడింది. ఇనుప గేటు కీచుమంది. ఒక మగ గొంతు, నెమ్మదిగా, మర్యాదగా, "నేనే చెల్లె, నిన్న అచ్చినోన్ని" అంది. అంతే. ఫోన్ ఆగిపోయింది.

మళ్ళీ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. లక్ష్మీరాజం గారికి చేశాను. "నేనెవ్వల్నీ పంపలేదమ్మా, ఈ వీడియో ముచ్చట నీకూ నాకూ తప్ప ఎవలకెరుక?" అన్నారు, ఆయన గొంతులో కూడా గాబరా. దేవయ్య గారి నంబరుకు చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. రచన వాళ్ళ అమ్మ సరోజన గారికి ఫోనే లేదు. పోలీసులకు చెబుదామంటే అరుణ్‌ను పట్టుకుపోయిందే వాళ్ళు. దేవదాస్ అన్నయ్య బండి కోసం, పెట్రోలు కోసం ఊరంతా తిరుగుతున్నాడు. సిరిసిల్ల దగ్గరేం కాదు, దారిలో ఎన్ని చోట్ల చెట్లు అడ్డం వేశారో తెలియదు. నేను పిల్లను పట్టుకుని ఇక్కడ కూర్చుని ఫోన్‌లోనే ఇది రాస్తున్నాను.

సిరిసిల్లలో మీరెవరైనా ఉంటే నాకు ఒక సాయం చేయండి. పాత బస్టాండు వెనక మరమగ్గాల షెడ్లు దాటాక, నీలం గేటు ఇల్లు, దేవయ్య గారిదంటే ఎవరైనా చూపిస్తారు. ఒక్కరే పోకండి, ఒక ఆడమనిషిని వెంట తీసుకుపొండి. సరిత పంపింది అని మాత్రం చెప్పకండి, ఆ మాట చెప్పే ఆ మనిషి లోపలికి పోయాడు. కంప్యూటర్ గురించి, వీడియో గురించి ఏమీ అడగకండి. రచన ఎట్లున్నదో, ఒక్కసారి మీ కళ్ళతో చూసి రండి.